దిద్దాల్సింది గంటను, తల్లిని కాదు

పసిపిల్లల తల్లులు తమ మీద తాము తీర్పు చెప్పుకునేది సాధారణంగా రాత్రి, పిల్లలు పడుకున్నాక. పగలంతా ఆలోచించే తీరిక ఉండదు. తీరిక దొరికాక ఆ రోజు మొత్తంలో ఒకటే గుర్తుకొస్తుంది: సాయంత్రం అరిచిన అరుపు, వీపు మీద వేసిన దెబ్బ, అన్నం తినడం లేదని విసురుగా కింద పెట్టిన గిన్నె. పొద్దున నవ్విస్తూ స్నానం చేయించింది, మధ్యాహ్నం జోకొట్టి పడుకోబెట్టింది లెక్కలోకి రావు. ‘నాకు ఓపిక లేదు, నేను మంచి తల్లిని కాను’ అన్న తీర్పుతో రోజు ముగుస్తుంది. రేపటి నుంచి అరవకూడదని ఒట్టు పెట్టుకుంటారు. మర్నాడు అదే వేళకు అదే అరుపు. ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ అరుపుకు కారణాన్ని మనం తల్లి స్వభావంలో వెతుకుతున్నాం, కానీ అది చాలామటుకు ఆ గంటలో ఉంది. ఆ వేళకు బిడ్డ ఎంత అలిసిపోయింది, ఎప్పుడు తిన్నది, తల్లి చేతిలో ఇంకెన్ని పనులున్నాయి, ఇంట్లో రెండో మనిషి ఉన్నారా లేరా అన్నవి చూడాలి. స్వభావాన్ని మార్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఒక గంటను మార్చడానికి ఒకటి రెండు వారాలు చాలు. చేతిలో ఉన్న పని ముందు చేద్దాం.

ఒకే తల్లి, వేరువేరు గంటలు

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం 2004లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. అమెరికాలోని టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులను నిన్నటి రోజును ఘట్టాలుగా విడదీసి, ఒక్కో ఘట్టంలో ఏం చేశారు, ఎవరితో ఉన్నారు, మనసు ఎలా ఉంది అన్నది రాయమన్నారు. పిల్లల ఆలనాపాలనా చూసుకున్న సమయం ఆనందం లెక్కలో టీవీ చూడడం కంటే, చివరికి వంట కంటే కూడా కింద నిలిచింది. ఇంటి చాకిరీకి కాస్త పైన ఉందంతే. పిల్లల వల్ల సంతోషం ఉండదని దీన్ని బట్టి తేల్చేయడం సులువు, కానీ అదే అధ్యయనంలో అంతకంటే పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. ఆదాయం, చదువు లాంటివి ఆ రోజు మనసు మీద చూపిన ప్రభావం అనుకున్నంత లేదు. ముందు రాత్రి నిద్ర ఎలా పట్టింది, పనిలో ఎంత తొందర ఉంది అన్నవే ఎక్కువ ప్రభావం చూపాయి. అంటే మనసు మనిషిని బట్టి ఎంత మారుతుందో, ఆమె ఉన్న పరిస్థితిని బట్టీ అంత మారుతుంది. మూడు రాత్రులుగా నిద్ర లేని తల్లి ఓపికను, నిండుగా నిద్రపోయిన తల్లి ఓపికతో పోల్చి ‘ఆవిడకు ఉన్న సహనం నాకు లేదు’ అనుకోవడంలో అర్థం లేదు.

బిడ్డ వైపు నుంచి చూసినా ఇంతే. ఒలుస్తుండగా అరటిపండు మధ్యకు విరిగిందనుకుందాం. రెండేళ్ల పిల్ల సాయంత్రం ఆరింటికైతే ఆ ముక్కలు తనకొద్దని, మళ్లీ అతికించమని నేల మీద పడి ఏడుస్తుంది. పొద్దున పదింటికైతే కాసేపు చూసి తినేస్తుంది. పిల్ల బుద్ధి ఎనిమిది గంటల్లో చెడిపోలేదు. కోరికను ఆపుకోవడం, నిరాశను తట్టుకోవడం మెదడు ముందు భాగం చూసుకునే పనులు. ఆ భాగం పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఏళ్లు దాటుతాయి. రెండు మూడేళ్ల వయసులో కడుపు నిండి, నిద్ర చాలినప్పుడు అది కొద్దో గొప్పో పనిచేస్తుంది. ఆకలీ నిద్రా ఒకేసారి ముంచుకొచ్చిన వేళ ఆ కొద్దీ ఉండదు. ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల లోపు పిల్లల పేచీలు ఎలా మొదలై ఎలా ముగిశాయో తల్లిదండ్రుల చేత చెప్పించి, మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువ పేచీలు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. కోపం మొదట్లోనే తారస్థాయికి వెళ్లి తగ్గిపోయింది, దుఃఖం మాత్రం చివరిదాకా సాగింది. దీన్నిబట్టి తొలి నిమిషాల్లో నచ్చజెప్పడమూ బెదిరించడమూ రెండూ దండగే. వినే స్థితిలో బిడ్డ లేదు. తల గోడకు తగలకుండా చూసుకుంటూ దగ్గర్లో ఉంటే చాలు. కేకలు తగ్గి వెక్కిళ్లు మొదలయ్యాక ఎత్తుకోవాలి. చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. మొదటి నిమిషంలో తల్లీ బిడ్డతో పాటు అరుస్తుంది. బిడ్డ వెక్కుతూ కొంగు పట్టుకునే వేళకు తల్లి అలిగి ముఖం తిప్పుకుంటుంది.

తిండి దగ్గరా మనం కొలిచే కొలత తప్పుతోంది. పప్పన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని పావుగంట కూర్చున్న పిల్లవాణ్ని చూసి ‘వీడు ఏమీ తినడు’ అని తేల్చేస్తాం. లీన్ బర్చ్ బృందం 1991లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురించిన అధ్యయనంలో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు 15 మంది ఆరు రోజుల పాటు తిన్నదంతా కొలిచారు. ఒక రోజు ఒక పూట తిన్నదానికీ, మరో రోజు అదే పూట తిన్నదానికీ పొంతన లేదు. రోజు మొత్తం మీద ఒంట్లోకి వెళ్లిన శక్తి మాత్రం పెద్దగా మారలేదు. ఒక పూట తగ్గించిన పిల్లలు మరో పూట పూడ్చుకున్నారు. 15 మంది అంటే చిన్న సంఖ్యే. బరువు పెరగని పిల్లలకు, జబ్బుపడి లేచిన పిల్లలకు ఇది వర్తించదు, వాళ్లను డాక్టరుకు చూపించాల్సిందే. కానీ ఆడుతూ పాడుతూ, వయసుకు తగ్గ బరువుతో ఉన్న బిడ్డ విషయంలో రాత్రి అన్నం ఒక్కటే పట్టుకుని యుద్ధం చేయడం అనవసరం.

ప్రేమకూ ఇదే కొలత. అమెరికన్ పరిశోధకుడు ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. బిడ్డతో ఆడుతున్న తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ చూపకుండా కూర్చుంటే, బిడ్డ నవ్వి, చేతులు చాపి, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. ఆ ప్రయోగం తల్లులను భయపెట్టినంతగా, ఆయన మరో పరిశీలన ధైర్యం చెప్పలేకపోయింది, ఎందుకంటే దాని ప్రచారం తక్కువ. ఏ ఇబ్బందీ లేని తల్లీబిడ్డలు ఎదురెదురుగా ఆడుకునేటప్పుడు కూడా ఇద్దరి భావాలు సరిగ్గా కలిసి ఉండేది మూడో వంతు సమయమే. మిగతా సమయమంతా ఒకరు ఒకటనుకుంటే మరొకరు ఇంకోటనుకోవడం, మళ్లీ సర్దుకోవడం. బిడ్డకు నమ్మకం పెరిగేది ఈ సర్దుబాటులోనే. తెగినా మళ్లీ కలుస్తుందని అనుభవం మీద నేర్చుకుంటుంది. బిడ్డకు పరిపూర్ణమైన తల్లి అవసరం లేదని, ఉన్నంతలో సరిపడా తల్లి చాలని బ్రిటిష్ శిశువైద్యుడు డొనాల్డ్ వినికాట్ అంతకు ముందే వాదించారు. ట్రానిక్ పరిశీలన ఆ మాటకు దన్నుగా నిలిచింది.

ఒక్క మనిషి పని కాదిది

ఇక్కడ తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: ‘మా అమ్మమ్మ ఆరుగుర్ని పెంచింది, ఏనాడూ ఇలా వాపోలేదు.’ ఈ మాటను కొట్టిపారేయకూడదు, అందులో సగం నిజం ఉంది. 1971లో మన దేశంలో సగటున ఒక స్త్రీకి ఐదుగురికి పైగా పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అది 2.0కు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కు దిగింది. పిల్లల సంఖ్య తగ్గినా పని తగ్గలేదంటే ఏదో మారి ఉండాలి. మారింది ఆ పనిలో చేతుల సంఖ్య. ఆరుగురి తల్లికి పెద్ద కూతురు చంకన చంటివాణ్ని వేసుకునేది. తోడికోడలు అన్నం పెట్టేది, పక్కింటావిడ కాసేపు ఆడించేది, మిగతా వేళల్లో వీధే పెంచేది. కాంగోలోని ఇటూరి అడవుల్లో ఉండే ఎఫే ప్రజల్లో బిడ్డ పుట్టిన తొలి రోజుల నుంచే ఎన్నో చేతులు మారుతుందని ట్రానిక్, ఆయన సహచరులు 1980లలో నమోదు చేశారు. మనిషి బిడ్డను తల్లి ఒక్కతే పెంచడం మన జాతి చరిత్రలో అరుదని మానవ శాస్త్రవేత్త సారా హ్రిడీ 2009 నాటి పుస్తకంలో వాదించారు. అయితే పాతకాలాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు, 2020కి అది 28కి తగ్గింది. పెద్ద కూతురు చంటివాణ్ని ఎత్తుకుంది బడి మానేసి. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. ఆ రోజుల నుంచి తెచ్చుకోవాల్సింది చేతుల లెక్క ఒక్కటే.

ఈ కాలపు లెక్క ఎలా ఉందో కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన కాల వినియోగ సర్వే చెబుతుంది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెట్టేవారని అందులో తేలింది. పిల్లలు, పెద్దవాళ్ల ఆలనాపాలనా చూసేవాళ్లలో ఆడవాళ్లది 134 నిమిషాలు, మగవాళ్లది 76. ఇవి ఆ పని చేసేవాళ్ల సగటులే, అసలు చేయని మగవాళ్లు ఈ లెక్కలో లేరు. పిల్లల పని తల్లిదేనన్న ఊహతోనే చట్టమూ నడుస్తోంది. 2017 సవరణతో తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు, ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి చట్టప్రకారం ఏమీ లేదు. మన ఇళ్లలో దీనికి తోడు మరో చిక్కుంది. సాయం వచ్చే వేళకూ కష్టం వచ్చే వేళకూ పొసగదు. పురుడు పుట్టింట్లో పోస్తారు, మూడో నెలో ఐదో నెలో నిండాక బాలింతను హైదరాబాదులోనో బెంగళూరులోనో ఫ్లాటుకు పంపిస్తారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురి దగ్గరికి అమ్మ వెళితే ఆరు నెలల గడువు చూసుకుని వెనక్కి వస్తుంది. అప్పటికి బిడ్డ ఇంకా అంబాడుతుంటుంది. పరుగులు, పేచీలు, ‘నేనే చేస్తా’ అనే మంకుపట్టు మొదలయ్యేది ఆ తర్వాతే. రెండో ఏడులో అసలు పరీక్ష మొదలయ్యేసరికి ఇల్లు ఖాళీ. అందుకే కుదిరినవాళ్లు పుట్టింటి సాయం మొత్తాన్నీ తొలి నెలల్లోనే ఖర్చు చేసుకోకుండా, కొంత ఏడాదిన్నర తర్వాతకు దాచుకోవడం తెలివైన పని.

గంటను దిద్దే పద్ధతి

మొదట ఏ గంట చెడుతోందో తెలుసుకోవాలి. గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాసే గడిలోనే ఒక వారం పాటు నాలుగు మాటలు రాయండి: గొడవ ఎన్నింటికి, బిడ్డ చివరగా తిన్నది ఎప్పుడు, పగటి నిద్ర ఎంత, ఆ వేళ మీ చేతిలో ఉన్న మరో పని ఏమిటి. ‘ఓపిక లేదు’, ‘మొండికేసింది’ లాంటి తీర్పులు రాయకండి. వారం తర్వాత చూస్తే గొడవలు రోజంతా చెల్లాచెదురుగా ఉండవు, చాలా ఇళ్లలో ఒకటి రెండు గంటల్లోనే గుమిగూడతాయి. సాధారణంగా అవి పొద్దున బయల్దేరే ముందు అరగంట, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. సాయంత్రం ఆ వేళ కుక్కర్ పొయ్యి మీద ఉంటుంది, తాలింపు మాడకూడదు, తలుపు దగ్గర పార్శిల్ కుర్రవాడు, ఫోన్‌లో ఆఫీసు మెసేజీలు, కాలికి చుట్టుకున్న బిడ్డ. ఇంతమంది ఒకేసారి ఒక్క మనిషిని అడుగుతున్నారని కళ్లారా కనిపించాక, తప్పు ఓపికదని ఎవరూ అనలేరు.

తర్వాత ఆ గంటలోంచి ఒక్కొక్కటీ బయటికి తీయండి. బిడ్డ రాత్రి భోజనాన్ని పెద్దల వంటతో ముడిపెట్టకండి. ఐదున్నరకే మధ్యాహ్నపు అన్నంలో పెరుగు కలిపి పెట్టినా, ఇడ్లీ పెట్టినా ఆరింటి పేచీల్లో సగం ఆకలితో పాటే పోతాయి. కూరగాయలు పొద్దున్నే తరిగి పెట్టుకోవచ్చు. ఆ వేళ వంట ఒక కూరకే పరిమితం కావచ్చు, పచ్చడి ఉండనే ఉంది. బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చి ఆ గంట గట్టెక్కించే దారి అందరికీ తెలుసు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ హద్దు దాటుతోందంటే అదీ మీ పెంపకం మీద తీర్పు కాదు, ఆ గంటలో మరో మనిషి కావాలన్న సమాచారం.

ఆ మరో మనిషికి పని అప్పగించేటప్పుడు పూర్తిగా అప్పగించాలి. తండ్రి స్నానం చేయిస్తానని బయల్దేరి, తువ్వాలు ఎక్కడ, నీళ్లు ఎంత వేడి ఉండాలి, ఏ గౌను వేయాలి అని స్నానాలగదిలోంచి అడుగుతుంటే, తల్లి కుర్చీలోంచి లేవకపోయినా పని ఆమే చేస్తున్నట్టు. ‘ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పాప మీది’ అని ఒక గంటను మొత్తంగా ఇవ్వండి, స్నానం, బట్టలు, అన్నం, పేచీ అన్నీ కలిపి. ఇచ్చాక గౌను తిరగేసి వేసినా మాట్లాడకండి. దిద్దుతూ కూర్చుంటే వారంలో ఆ గంట మళ్లీ మీ చేతికే వస్తుంది. అత్తగారో మామగారో ఉన్న ఇంట్లోనూ ఇదే సూత్రం. ఆవిడ బిడ్డకు ఒక బిస్కెట్ ఎక్కువ పెట్టడం, మీకు ఒక గంట దొరకడం రెండూ తూచి చూసుకోండి.

వచ్చే అభ్యంతరాలు

‘తప్పంతా గంట మీదికి నెట్టేస్తే ఇక తల్లి అరిచినా కొట్టినా అడిగేదెవరు?’ అని అడగవచ్చు. ఇది బలమైన ప్రశ్నే. కారణం చెప్పినంత మాత్రాన దెబ్బ ఒప్పు అయిపోదు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కైలర్ 2016లో లక్షా అరవై వేల మంది పిల్లలకు సంబంధించిన అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించారు. దెబ్బలు తిన్న పిల్లల్లో మాట వినడం పెరగలేదు, ఎదురుతిరగడం, దూకుడు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి కొట్టకూడదన్న నియమం నియమంగానే ఉండాలి. కానీ ఆ నియమాన్ని నిలబెట్టేది ఒట్టు కాదు. ‘రేపు కొట్టను’ అన్న ఒట్టు, కొట్టే పరిస్థితి మళ్లీ వచ్చినప్పుడు నిలవదు. పరిస్థితే రాకుండా చూసుకున్న తల్లి తన నియమాన్ని సులువుగా నిలుపుకుంటుంది. ఇంతా చేసి అరుపు జారితే, అదే రోజు, బిడ్డ పడుకోకముందే సర్దుకోండి: ‘అమ్మ గట్టిగా అరిచింది. నువ్వు భయపడ్డావు. అమ్మ అలా అరవకూడదు.’ రెండేళ్ల బిడ్డకూ ఈ మూడు మాటలు అందుతాయి. ‘నువ్వు అలా చేయబట్టే అరిచాను’ అన్న నాలుగో మాట కలిపితే మాత్రం మొదటి మూడూ చెడతాయి.

‘ఆఫీసు నుంచి వచ్చేసరికే ఏడు, భర్త వేరే ఊళ్లో, గంటను ఎక్కడికి జరపను?’ అనేవాళ్లున్నారు. నిజమే, అందరి గంటా ఒకేలా సాగదు. కూలికి వెళ్లే తల్లికి, ఒంటరిగా పెంచే తల్లికి కదిలించడానికి వీలున్నవి తక్కువ. వాళ్లకు తగ్గించుకునే దారి ఒకటే మిగులుతుంది. రోజూ తల స్నానం అక్కర్లేదు, మడతపెట్టని బట్టలు కుర్చీలోనే ఉండవచ్చు, రాత్రికి పెరుగన్నం వారంలో నాలుగు రోజులైనా నష్టం లేదు. 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చని అదే 2017 సవరణ చెప్పింది. ఇలాంటివి అడిగి తెచ్చుకోవాల్సిన హక్కులు. అవి లేని చోట తల్లి ఓపికను తప్పుపట్టడం అన్యాయం.

మూడో సంగతి అభ్యంతరం కాదు, హద్దు. అన్నీ గంటతో సరికావు. వారం రాసి, పని పంచుకుని, నిద్ర దొరికాక కూడా రెండు వారాలకు పైగా రోజంతా దుఃఖంగా ఉండడం, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోవడం, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోవడం జరుగుతుంటే అది జబ్బు కావచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ, ప్రసవం తర్వాత కుంగుబాటు సుమారు 22 శాతం తల్లుల్లో కనిపిస్తోందని తేల్చింది. అంటే ఐదుగురిలో ఒకరు. దీనికి చికిత్స ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి వైద్యం చేసే విభాగమే ఉంది. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగే పని లేదు, అదే రోజు ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చివరిగా, గంటల లెక్క కష్టానికే కాదు, సంతోషానికీ వర్తిస్తుంది. క్యాలెండర్ గడుల్లో మంచి గంట కూడా రాయండి. చాలామందికి అది పెద్ద సందర్భం కాదు. నూనె రాసి కాళ్లు చేతులు సాగదీసే పది నిమిషాలు, నీళ్ల మగ్గుతో ఆట, పడుకునే ముందు ఒకే కథను ఐదోసారి అడిగే వేళ. వీటన్నిట్లో ఉన్న ఉమ్మడి లక్షణం తొందర లేకపోవడం. చెడ్డ గంటను తేలిక చేయడానికి ఈ మంచి గంటలోకి బట్టలు మడతపెట్టడాన్నీ, అక్షరాలు దిద్దించడాన్నీ తోయకండి. నెలకోసారి ఆ గడులు చదువుకుని, అప్పుడు మీ మీద తీర్పు చెప్పుకోండి. ఒక్క సాయంత్రాన్ని చూసి చెప్పిన తీర్పు కంటే ముప్పై రోజుల సాక్ష్యం విన్న తీర్పు న్యాయంగా ఉంటుంది. దాదాపు ఎప్పుడూ తల్లికి అనుకూలంగానూ ఉంటుంది.